బస్రా ఫలకాలపై అంకెలుగా మిగిలిన సిపాయిలు

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో మెసపొటేమియాలో, అంటే నేటి ఇరాక్‌లో, పోరాడిన బ్రిటిష్ సామ్రాజ్య సేనలో అధిక సంఖ్యాకులు భారతీయులే కాగా, వంతెనలు కట్టి బాటలు వేసే మద్రాస్ సాపర్స్ దళం ద్వారా మద్రాసు రాజధానికి చెందిన తమిళులూ, తెలుగువారూ ఆ రంగంలో పనిచేశారు. అక్కడ సిపాయిని తుపాకీ గుండుతోపాటు కలరా, విరేచనాలు, మలేరియా, వడదెబ్బ వెంటాడాయి. బ్రిటిష్ అధికారిక లెక్కల ప్రకారమే రోగాల వాతపడి మరణించినవారు దాదాపు 12,800 మంది; బాగ్దాద్‌ను జయించిన సేనాపతి జనరల్ మాడ్ సైతం 1917 నవంబరు 18న ఆ నగరంలోనే కలరాతో కన్నుమూశాడు.

ఈ మరణాలకు వాతావరణం ఒక్కటే కారణం కాదనడానికి టైగ్రిస్ నది ఒడ్డునున్న కూట్ పట్టణ ముట్టడి నిదర్శనం. 1915 డిసెంబరు 7 నుంచి 1916 ఏప్రిల్ 29 వరకు తురుష్క సేనలు ఆ పట్టణాన్ని చుట్టుముట్టగా, లోపల కూరగాయలు కరవైన భారతీయ సిపాయిలకు స్కర్వీ సోకింది. పండ్లు, ఆకుకూరలు అందక వచ్చే ఈ వ్యాధిలో చిగుళ్ళు వాచి నెత్తురు కారుతుంది, పళ్ళు కదులుతాయి, మానిన గాయాలు సైతం మళ్ళీ విచ్చుకుంటాయి. గుర్రపు మాంసం తిన్న బ్రిటిష్ సైనికులు ఈ వ్యాధి నుంచి చాలావరకు తప్పించుకున్నారు గాని, తెల్లపిండి రొట్టెపై ఆధారపడినందువల్ల బెరిబెరి అనే నరాల జబ్బుకు లోనయ్యారు. మతాచారం అడ్డురాగా, మతపెద్దల నుంచి అనుమతి సందేశాలు తెప్పించినప్పటికీ, భారతీయులలో అత్యధికులు ఏప్రిల్ దాకా ఆ మాంసాన్ని ముట్టలేదు. కూట్ వెలుపలి బ్రిటిష్ సేనల స్థితి కూడా మెరుగ్గా లేదు: నదీ రవాణాకు చాలినన్ని పడవలు, రోగులకు చాలినన్ని వైద్య సదుపాయాలు లేవని 1917 నాటి మెసపొటేమియా విచారణ కమిషన్ నివేదిక తప్పుపట్టడంతో, భారత వ్యవహారాల మంత్రి ఆస్టెన్ చాంబర్లేన్ పదవికి రాజీనామా చేశాడు.

1917లో ఏర్పడిన ఇంపీరియల్ వార్ గ్రేవ్స్ కమిషన్, అనగా యుద్ధ సమాధుల సంరక్షణ సంస్థ, యుద్ధంలో కూలినవాడికీ, కొలువులో ఉండగా జబ్బుతో పోయినవాడికీ నడుమ గౌరవంలో తేడా చూపరాదన్న ఉన్నత నియమాన్ని స్వీకరించింది. అయితే జాతి, హోదాల విషయంలో ఆ సమానత్వం పాటించలేదు: సమాధి తెలియని 40,000 మందికి పైగా సైనికుల కోసం 1929లో ఆవిష్కరించిన ఇరాక్‌లోని బస్రా స్మారకంలో బ్రిటిష్ సైనికుల పేర్లు, భారతీయ అధికారుల పేర్లు చెక్కించి, సాధారణ భారతీయ సిపాయిలను మాత్రం పటాలం పేరు కింద మరణించినవారి మొత్తం సంఖ్యగా చూపారు. సమగ్రమైన పేర్ల జాబితా అందుబాటులో లేకపోవడమే అందుకు కారణంగా చెప్పారు. ఆ సంస్థ వారసురాలైన కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ 2021లో ఇటువంటి అసమానతలను అంగీకరించి క్షమాపణ కోరింది.

సిపాయి యుద్ధ పతకపు అంచుపై అతని సంఖ్య, పేరు, పటాలం చెక్కి ఉంటాయి కనుక, రాతిపై దక్కని పేరు ఇంటిపెట్టెలో దొరికే అవకాశం ఉంది. పాత పతకాలూ, పింఛను కాగితాలూ ఉన్న తెలుగు కుటుంబాలు వాటిని పారవేయక భద్రపరచి, పరిశోధకులకు చూపడం ఆ మృతులపట్ల తీర్చవలసిన రుణం.