ఎండాకాలపు చెరువు – మా గాలం, మా ఎర

మన చెరువుల చరిత్ర రాసినవాళ్లు కట్ట ఎవరు పోయించారో, తూము ఎవరు పెట్టించారో, ఆయకట్టు ఎంతో రాశారు. ఖిల్లా ఘనపురంలో 13వ శతాబ్దం నాటి గణపసముద్రం, శ్రీరంగాపురం రంగసముద్రం, వనపర్తి సంస్థానంలో సప్త సముద్రాలని పేరుపడ్డ చెరువులు, వీటన్నిటికీ చరిత్ర ఉంది. మాఘం నుంచి వైశాఖం దాకా ఆ చెరువుల్లో నీళ్లు దిగిపోతున్నప్పుడు ఒడ్డున గాలం వేసుకుని కూర్చున్న మనిషికి మాత్రం చరిత్ర లేదు. గోపాల్‌పేట చుట్టుపక్కల ఊళ్లలో బుట్టలు అల్లుకుని బతికిన ఎరుకల వాళ్లం మేము. మా మాటలో మేము కుర్రు. ఎండాకాలపు చిన్న చేప మా ఇళ్లలో ఎన్నో పూటలు గడిపింది. ఆ చేపను పట్టే తెలివి గురించీ, ఆ చేప మీద మాకున్న పాత హక్కు ఎట్లా జారిపోయిందన్న దాని గురించీ రాసిపెట్టాలని ఈ వ్యాసం.

రాజు వినోదం, మా కూర

గాలం వేటను పుస్తకంలో రాసినవాడు ఒక రాజు. కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు 1126 నుంచి 1138 దాకా ఏలాడు. ఆయన సంస్కృతంలో రాయించిన మానసోల్లాసంలో మత్స్యవినోదం అని ఒక భాగం ఉంది. నదిలో ఉండే చేపలేవి, సముద్రంలో ఉండేవేవి, ఏ చేపకు ఏ మేత ముద్ద వెయ్యాలి, గాలం ఎట్లా ఉండాలి, తాడు ఎట్లా ఉండాలి, ఇవన్నీ అందులో ఉన్నాయి. సుందర్‌లాల్ హోరా అనే చేపల శాస్త్రవేత్త 1951లో దాని మీద వ్యాసం రాసి, గాలం వేట గురించి మన దేశంలో ఇంత పాత రచన ఉందని లోకానికి చూపించాడు.

ఒక్క సంగతి ఆలోచించండి. రాజుకు ఏ చేప ఏ ముద్ద తింటుందో ఎవరు చెప్పి ఉంటారు? నీళ్ల ఒడ్డున బతికేవాళ్లే చెప్పి ఉండాలి. వాళ్ల పేర్లు పుస్తకంలోకి ఎక్కలేదు, తెలివి ఎక్కింది. రాజుకు అది పొద్దుపోయే ఆట. చెప్పినవాళ్లకు అది రాత్రి కూర.

తెలుగు మాటలోనే ఇంకో సాక్ష్యం ఉంది. ఎర అంటే గాలానికి గుచ్చే తిండి. పాత తెలుగులో ఎఱ అంటే వానపాము కూడా. మా దిక్కు ఇప్పటికీ వానపాములను ఎర్రలనే అంటాం. వానపామును గాలానికి గుచ్చిన మనుషులే ఈ మాటను పుట్టించారు.

నీళ్లు దిగే కాలం

శివరాత్రితో చలి శివ శివా అని పోతుందంటారు. చలికాలం పొద్దున చేప గాలాన్ని చూడదు. నీళ్లు చల్లగా ఉంటే దాని ఒళ్లు మందంగా ఉంటుంది, ఆకలి తక్కువ. శివరాత్రి దాటి నీళ్లు వేడెక్కేకొద్దీ ఆకలి పెరుగుతుంది. అదే రోజుల్లో యాసంగి పంటకు తూము తీసి ఉంటుంది కాబట్టి చెరువు నీళ్లు దిగుతాయి. నిరుడు వానకు శిఖమంతా పరుచుకున్న చేప ఇప్పుడు నడుమనున్న మడుగుకు చేరుతుంది. ఆకలి పెరిగిన చేప, తగ్గిన నీళ్లు, ఈ రెండూ కలిసేది ఫాల్గుణ, చైత్ర మాసాల్లోనే. పాలమూరులో చేతిపని దొరకని రోజులు కూడా అవే. చేతనైనవాళ్లు వలస పోయేవాళ్లు. ముసలివాళ్లు, పిల్లలు ఇంటికాడ ఉండేవాళ్లు. గాలం వాళ్ల పని.

గాలం వెయ్యడానికి పొద్దు పొడిచే వేళ, పొద్దు గుంకే వేళ మంచివి. నడిమధ్యాహ్నం చేప లోతుకో, తుంగ నీడకో పోతుంది. ఎండాకాలం తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటాయి. చూసినవాళ్లు ఆకలి అనుకుంటారు. అది ఆకలి కాదు, ఊపిరి ఆడక. వేడి నీళ్లలో గాలి తక్కువ కరుగుతుంది. రాత్రంతా నాచు కూడా ఆ గాలిని తాగుతుంది. ఆ గంటలో గాలం వేస్తే ఒక్క చేప కూడా ముట్టదు. ఎండ కొంచెం సాగినాక వెయ్యాలని పెద్దలు చెప్పేవాళ్లు. బడిలో కిరణజన్య సంయోగక్రియ పాఠం చెప్పేటప్పుడు మేము ఈ మాటే ఉదాహరణగా చెప్తాం. పుస్తకంలోని బొమ్మకన్నా పిల్లలకు ఇదే తొందరగా పడుతుంది.

ఏ చేపకు ఏ ఎర

గాలం కర్రకు సన్నటి వెదురు. తాడుకు ముందు జనపనార, తరువాత నైలాను. కొక్కెం దుకాణంలో దొరకని రోజుల్లో సూదినో పిన్నీసునో కాల్చి వంచుకునేవాళ్లు. తాడు మీద తేలడానికి జొన్న దంటు లోపలి బెండు ముక్క. నెమలి ఈక కాడ దొరికితే ఇంకా మంచిది, చేప ముట్టగానే నిలువునా లేస్తుంది. బరువుకు సీసం ముక్కో, చిన్న రాయో.

పరకలకు పిండి ముద్ద. జొన్న గటక చల్లారినాక పల్లి చెక్క పొడి, కొంచెం తవుడు కలిపి పిసుకుతారు. నీళ్లలో విడిపోకుండా రెండు పోగుల దూది కలుపుతారు. పరక నోరు చిన్నది. ముద్ద జొన్నగింజంత ఉంటేనే మింగుతుంది. పెద్ద ముద్ద పెడితే చుట్టూ కొరుక్కుని పోతుంది, బెండు ఆడుతూనే ఉంటుంది, చేప మాత్రం రాదు. గాలం వేసే చోట ముందుగా పిడికెడు తవుడు చల్లి కాసేపు ఊరుకుంటే గుంపు చేరుతుంది.

జెల్లకు ఎర్ర. జాలాడి పక్కన, పశువుల కొట్టం వెనక తడినేలలో తవ్వి, పగిలిన కుండ పెంకులో తడిమట్టి వేసి పెట్టుకోవాలి. కొక్కేనికి గుచ్చేటప్పుడు తోక కొంచెం వదలాలి. అది కదిలితేనే జెల్ల వస్తుంది. జెల్ల అడుగున తిరిగే చేప, చీకటి పడే వేళ మేతకు కదులుతుంది. కాబట్టి ఎర అడుగుకు ఆనాలి. దాని రెక్కల దగ్గర ముళ్లు ఉంటాయి. పొడిస్తే చెయ్యి రాత్రంతా సలుపుతుంది. ముళ్ల వెనక నుంచి రెండు వేళ్లతో పట్టడం పిల్లలకు ముందే నేర్పేవాళ్లు. మార్పుకూ, బొమ్మిడాయికీ ఎర్రే.

కొర్రమట్టకు కదిలే ఎర కావాలి. చిన్న కప్పనో, బతికున్న పరకనో వీపు దగ్గర గుచ్చి తుంగ అంచున వదులుతారు. కొర్రమట్ట నీళ్లలోని గాలితోనే బతకదు, పైకి వచ్చి ఒక గుక్క గాలి మింగిపోతుంది. ఆ బుడగ ఎక్కడ లేస్తుందో చూసినవాడికి చేప ఉన్న చోటు తెలుస్తుంది. నీళ్లు ఎండి బురద మిగిలినా అది చావదు. ఇప్పుడు ఇదే మన తెలంగాణ రాష్ట్ర చేప.

మిడతలు, కందిరీగ పట్టులోని తెల్లటి పురుగులు కూడా మంచి ఎరలే. మామిడి జల్లు పడి ఉసిళ్లు లేచిన సాయంత్రం అడుగున వేసిన ఎర పనికిరాదు. చేపలన్నీ పైకి ఎగిరి ఉసిళ్లను అందుకుంటుంటాయి. బరువు తీసేసి, కొక్కేనికి ఒక ఉసిలి గుచ్చి నీళ్ల మీద ఆడిస్తే చాలు.

చెరువు మోకాలి లోతుకు వచ్చినాక గాలంతో పనిలేదు. అప్పుడు ఊత. వెదురు బద్దలతో అల్లిన, అడుగు లేని గంప అది. కింద వెడల్పు, పైన చెయ్యి పట్టేంత నోరు. బురదనీళ్లలో అదుముకుంటూ పోతే లోపల చేప తగిలిన చప్పుడు తెలుస్తుంది. పైనుంచి చెయ్యి పెట్టి తీసుకుంటారు. గంపలు అల్లే కులం కాబట్టి ఊతలు మా ఇళ్లలోనే తయారయ్యేవి. ఊత తీసుకున్నవాళ్లు జొన్నలు కొలిచేవాళ్లు. చెరువులో మా చెయ్యి కూడా ఉందని చెప్పడానికి ఇది చాలు.

ఈ తెలివిలో కట్టుబాటు కూడా ఉంది. తొలకరికి కొర్రమట్ట పిల్లలు ఎర్రటి గుంపుగా నీళ్ల మీద తిరుగుతాయి. తల్లీతండ్రీ కింద కావలి ఉంటాయి. ఏది దగ్గరికి వచ్చినా మీద పడతాయి కాబట్టి అప్పుడు పట్టడం చాలా సులువు. కానీ పట్టకూడదు. పెద్దది పోతే పిల్లలన్నీ ఒక్కపూటలో మిగతా చేపల నోట పడతాయి. మృగశిర కార్తెనాడు ఇంటింటా చేప కూర తింటారు. మా పెద్దలకు గాలం మూసే గడువు కూడా అదే.

చెరువు ఎవరిది

గోపాల్‌పేట ఒకప్పుడు నిజాం కింద ఒక సంస్థానం. వనపర్తి, గద్వాల, జటప్రోలు, అమరచింత దాని ఇరుగుపొరుగు సంస్థానాలు. 1949లో జాగీర్ల రద్దుతో సంస్థానాల అధికారం పోయింది. దొర చెరువు సర్కారు చెరువయింది. చేపల హక్కు కౌలుకు పోయింది, ఆ తరువాత మత్స్య సహకార సంఘాలకు వచ్చింది. ఆ సంఘాల్లో ముదిరాజ్, బెస్త, గంగపుత్ర కులాలవారు ఉంటారు. వాళ్లూ కష్టజీవులే, వాళ్ల హక్కు న్యాయమైనదే. మా తగువు వాళ్లతో కాదు. వల వేసేవాడికి కాగితం మీద చోటు దొరికింది, గాలం వేసేవాడికి దొరకలేదు అన్నదే మా మాట.

మా మీద ఇంకో బరువు కూడా ఉంది. బ్రిటిష్ ప్రభుత్వం 1871లో నేరస్థ తెగల చట్టం చేసింది. మద్రాసు రాజ్యంలో ఎరుకలను ఆ పట్టీలో చేర్చి, స్టూవర్టుపురం వంటి చోట్ల కావలిలో పెట్టారు. నిజాం రాజ్యం వేరైనా ఆ అనుమానపు చూపు ఇక్కడా ఉంది. స్వతంత్ర దేశంలో 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. చూపు రద్దు కాలేదు. మసకచీకట్లో కట్ట మీద నడిచే రైతును నీళ్లు చూడ్డానికి వచ్చాడంటారు. అదే వేళకు ఎరుకలవాడు గాలంతో కనిపిస్తే ఏం ఎత్తుకుపోను వచ్చావని అడుగుతారు. ఈ మాట పడని ఇల్లు మా వాడలో లేదు.

నల్లమల చెంచుల సంగతి వేరు. అమ్రాబాద్ దిక్కు ఊళ్లు షెడ్యూల్డు ప్రాంతం. 1996 పెసా చట్టం ప్రకారం అక్కడ చిన్న నీటి వనరుల ఆలోచన, నిర్వహణ పంచాయతీలకు అప్పగించాలి. అమలు ఎంతన్నది వేరే మాట, చట్టమైతే ఉంది. గోపాల్‌పేట షెడ్యూల్డు ప్రాంతం కాదు. మైదానంలో ఉన్న ఆదివాసికి ఆ నీడ కూడా లేదు.

కలుపు చేపలు

1957 జులై 10న ఒడిశాలో హీరాలాల్ చౌదరి సూదిమందుతో చేపల చేత గుడ్లు పెట్టించాడు. ఆ రోజునే ఇప్పుడు చేపల రైతుల దినంగా జరుపుతున్నారు. రవ్వ, బొచ్చె పిల్లలను కావలసినన్ని పుట్టించడం దానితో కుదిరింది. అది పెద్ద మేలు, కాదనం. కానీ అప్పటి నుంచి చెరువులో లెక్కకు వచ్చేది పెద్ద చేపే అయింది. పెంపకం పుస్తకాల్లో పరకలకు కలుపు చేపలని పేరు పడింది. కొర్రమట్ట, జెల్ల వేటాడే చేపల పట్టీలో చేరాయి. పిల్లలను వదలడానికి ముందు వీటిని చంపాలంటే హెక్టారుకు సుమారు 2,500 కిలోల ఇప్ప చెక్క చల్లమని రాశారు. ఇప్ప చెట్టు ఆదివాసికి దేవుడితో సమానం. దాని చెక్కతోనే మా చేపను కలుపని చంపమన్నారు.

చిన్న చేపను తలతో, ముల్లుతో సహా తింటాం. ఎముకకు కావలసిన సున్నం దానిలో ఉంది. మోలా అనే చిన్న చేపలో విటమిన్ ఏ చాలా ఎక్కువని బంగ్లాదేశ్‌లో శాస్త్రవేత్తలు తేల్చారు. ఆ దేశంలో ఇప్పుడు చెరువుల్లో పెద్ద చేపలతో పాటు దాన్ని కూడా పెంచుతున్నారు. కలుపన్నది అక్కడ పంటయింది.

ఇప్పుడు

2016 నుంచి మన రాష్ట్రంలో సర్కారు ఉచితంగా చేపపిల్లలను చెరువుల్లో వదులుతోంది. కల్వకుర్తి ఎత్తిపోతలతో శ్రీశైలం వెనుకజలాలు వనపర్తి, నాగర్‌కర్నూల్ చెరువులకు వచ్చాయి. ఎండాకాలంలో నీళ్లున్న చెరువును చూస్తే మాకూ కడుపు నిండుతుంది, వలస వెళ్లిన వాళ్లు కొందరు తిరిగొచ్చారు. అయితే నీళ్లు దిగని చెరువులో ఊత దిగదు. పిల్లలకు ఎర్ర గుచ్చడం రావడం లేదు. పరకకు ఎంత ముద్ద పెట్టాలో చెప్పే అవ్వలు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు.

మేము అడిగేవి మూడే. ఒకటి, వల లేకుండా ఒక్క గాలంతో ఇంటి కూరకు చిన్న చేప పట్టుకునేవారిని దొంగలనకూడదని గ్రామసభలో తీర్మానం. సంఘం వదిలిన రవ్వ, బొచ్చె గాలానికి పడితే తిరిగి నీళ్లలో వదిలెయ్యడానికి మేము సిద్ధం. రెండు, ఒక్క కుంటనైనా ఇప్ప చెక్క చల్లకుండా పరకలకూ జెల్లలకూ వదిలెయ్యడం. మూడు, మన పిల్లలు తమ ఇంటి పెద్దలను అడిగి చేపల పేర్లు, ఎరల పేర్లు తమ మాటలోనూ తెలుగులోనూ నోటుపుస్తకంలో రాసుకోవడం. మొదటి రెండింటికీ పదిమంది ఒప్పుకోవాలి. మూడోదానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఈ పుస్తకం చదివిన ఉపాధ్యాయులు ఈ ఎండాకాలం సెలవుల్లోనే మొదలుపెట్టాలని మా మనవి.