4 ఎంబీలో వెబ్‌సైట్ ఎలా పట్టింది?

వైఫై పాస్‌వర్డ్ మార్చాలంటే బ్రౌజర్‌లో 192.168.1.1 అని కొడతారు కదా. అప్పుడు వచ్చే పేజీ ఇంటర్నెట్‌లోంచి రాదు, రౌటర్ లోపలే ఉంటుంది. ఇవాళ్టి కథ ఆ పేజీదే.

2002 చివర్లో లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ అనే రౌటర్ వచ్చింది. ఫ్లాష్ 4 ఎంబీ, ర్యామ్ 16 ఎంబీ. మీ ఫోన్‌లో ఒక్క ఫొటో అంత చోటు! అందులోనే లినక్స్, వైఫై డ్రైవర్, ఫైర్‌వాల్, ఈ వెబ్ పేజీలు, అన్నీ సర్దాలి. ఇక్కడ ఆదుకున్నది బిజీబాక్స్. డెబియన్ ఇన్‌స్టాలర్‌ని ఒక్క ఫ్లాపీలో పట్టించడానికి 1995లో బ్రూస్ పెరెన్స్ మొదలుపెట్టిన ప్రోగ్రామ్ అది. బోలెడు కమాండ్లు, ఫైల్ మాత్రం ఒక్కటే.

2005లో వెర్షన్ 5 వచ్చేసరికి కంపెనీ ఫ్లాష్‌ని 2 ఎంబీకి, ర్యామ్‌ని 8 ఎంబీకి తగ్గించేసింది. లినక్స్ తీసేసి వీఎక్స్‌వర్క్స్ పెట్టింది. లినక్సే కావాలన్నవాళ్లకి డబ్ల్యూఆర్‌టీ54జీఎల్ అని ఇంకో మోడల్!

ఈ రౌటర్ సోర్స్ కోడ్ మీదే 2004లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ పుట్టింది. దాని వెబ్ ఇంటర్‌ఫేస్ లూసీని లువాలో రాశారు, ఎందుకంటే లువా చాలా చిన్న భాష. తర్వాత 19.07 వెర్షన్‌లో పేజీని తయారుచేసే పని చాలావరకు బ్రౌజర్‌కే అప్పగించారు. అంటే రౌటర్ డేటా ఇస్తుంది, కష్టమంతా మీ ఫోన్ పడుతుంది. నాకైతే భలే నచ్చిన ఐడియా ఇది.

అయినా కెర్నల్ పెరుగుతూనే పోయింది. 4 ఎంబీ ఫ్లాష్, 32 ఎంబీ ర్యామ్ ఉన్న రౌటర్లకి అధికారికంగా వచ్చిన చివరి సిరీస్ కూడా ఆ 19.07నే. 2022లో దానికి సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి. ఆ పాత డబ్బాల మీద లైట్లు ఇంకా వెలుగుతూనే ఉంటాయి, కొత్త వెర్షన్ మాత్రం అందులో పట్టదు.