ప్లగ్గు చెప్పే జాతకం

స్పార్క్ ప్లగ్గుని ఫ్రెంచివాళ్ళు 'బూజీ' అంటారు, అంటే కొవ్వొత్తి. ఆ మాటే సౌదీ షెడ్లలో 'బవాజీ' అయింది. మనకి మాత్రం ఉత్త ప్లగ్గే. పేరేదైనా, కార్బురేటర్ల కాలంలో దాన్ని విప్పి వెలుగులో చూస్తే ఇంజిను జాతకం చెప్పేసేవారు.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి లాగ్ ఫైలు ఎలాగో మెకానిక్కుకి ప్లగ్గు మొన అలాగన్నమాట. పొడి మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే గాలి ఎక్కువై లోపల మాడుతోంది. ఆయిలు జిడ్డుంటే రింగులు అరిగి ఉండొచ్చు. బిస్కెట్టు రంగులో ఉంటే అంతా కులాసా. ఇందులో ఒక కిటుకుంది. బండి నిలబెట్టి ఊరికే తిప్పిన ఇంజిన్లో ప్లగ్గు మసిబారి అబద్ధం చెబుతుంది. మంచి వేగంలో ఉండగా ఇంజిను కట్టేసి, అప్పుడు విప్పి చూడాలి.

1973లో చమురు ధరలు పెరిగాక గల్ఫ్‌లో పనులు పెరిగాయి. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి వెళ్ళినవాళ్ళలో డ్రైవర్లూ, మెకానిక్కులూ ఉన్నారు. అరబ్బీ రాకపోయినా ప్లగ్గు చదవడం వస్తే కొంత పని నడుస్తుంది. పైగా ఆ దేశంలో ఈ చదువుకి పని ఎక్కువ. జిద్దా సముద్రం ఒడ్డున ఉంది. తాయిఫ్ 1,800 మీటర్ల పైన, అభా 2,200 మీటర్ల దరిదాపుల్లో. జిద్దాలో కుదిరిన కార్బురేటర్‌తో కొండెక్కితే గాలి పలచబడి, పెట్రోలు పాలు ఎక్కువై ప్లగ్గు నల్లబడుతుంది. అక్కడ జెట్టు తగ్గించుకుని కిందికి దిగితే తెల్లబడుతుంది. ఇసుక దుమ్ముతో ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయినా నలుపే.

దేశం మారినా మసి అర్థం మారదు. మరి కాలం మారితే?

1921లో అమెరికాలో థామస్ మిడ్జ్లీ, పెట్రోల్లో సీసం కలిపితే ఇంజిను టకటకమని కొట్టుకోదని కనిపెట్టాడు. 1923లో అది అమ్మకానికొచ్చింది. అది మండగా మిగిలిన పూత ప్లగ్గుకి రంగు వేసేది. పాత రంగుల పట్టికలు ఆ రోజుల్లో తయారైనవే. మన దేశంలో 2000లో, సౌదీలో 2001లో సీసం పోయింది. సీసం లేని పెట్రోలుతో బాగున్న ప్లగ్గు కూడా పాలిపోయినట్టు కనిపిస్తుంది. పాత పట్టిక పట్టుకుని చూస్తే, గాలి ఎక్కువైందనుకుని అక్కర్లేని పెట్రోలు పెంచుతారు.

అసలు దెబ్బ వేరే ఉంది. పొగగొట్టంలో ఆక్సిజన్ని కొలిచే సెన్సరు 1976లో బాష్ కంపెనీ చలవతో వోల్వో కార్లలోకొచ్చింది. సీసం తగిలితే ఆ సెన్సరు పాడైపోతుంది. సీసం పోయాక దానికి దారి సుగమమైంది. గాలి 14.7 పాళ్ళు, పెట్రోలు 1 పాలు అనే లెక్క కంప్యూటరు చేతికెళ్ళింది. మెకానిక్కు కంటికి ఆ పని తప్పింది.

అందుకు విచారించాలా? ఆ రంగు వేసిన సీసమే పిల్లల మెదళ్ళని దెబ్బతీసింది. ఆ పూతని వైరు బ్రష్షుతో గీకిన మెకానిక్కుకీ అది విషమే. కార్లకి సీసం పెట్రోలు అమ్మిన చివరి దేశం అల్జీరియా, 2021లో మానేసింది. చదువు పాతబడిందన్న బాధ నిజమే, కానీ ఆ అక్షరాలు రాసిన సిరా అలాంటిది. ఆయిలు కారుతోందో, ఇంజిను మాడుతోందో ప్లగ్గు ఇప్పటికీ చెబుతుంది. అడిగేవాళ్ళే తగ్గారు.