నాగస్వరమా, నాదస్వరమా?



కొన్ని సంవత్సరములకు పూర్వము ఈ గుమ్మఘట్టలోనే ఉత్సవ సందర్భమున మేము చేసిన ఉపన్యాసములో ఒక మాట గట్టిగా చెప్పియుంటిమి. స్వామివారి ఎదుట మ్రోగు మంగళవాద్యమునకు 'నాదస్వరము' అనుటయే సాధువనియు, 'నాగస్వరము' అనుట పామర వ్యవహారమనియు, నాద శబ్దము వేదమూలకమనియు అంటిమి. సభవారు చప్పట్లు చరచిరి. మేమును సంతోషించితిమి. సభ ముగిసిన పిమ్మట మేళమునకు వచ్చిన వృద్ధ విద్వాంసుడొకడు వాద్యమును గుడ్డసంచిలో పెట్టుకొనుచు మా చెంతకు వచ్చి, "సామీ, మా తాత దీన్ని నాగసరం అంటాండె. నలబై ఏండ్లు ఈ దేవుని ముందరే ఊదినాడు. తప్పు పేరు పలికినాడా సామీ?" అని అడిగినాడు. ఆ ప్రశ్నలో ఆక్షేపణ లేదు, నిజముగా తెలిసికొనవలెనన్న కోరికయే కలదు. మేమేదో సమాధానము చెప్పి పంపితిమి. ఆ సమాధానము మాకే రుచింపలేదు. ఆ తరువాత కూర్చుండి విచారింపగా, తప్పు పలికినది ఆ తాతగారు కాదు, మేమే అని తేలినది. సభలో పలికిన తప్పును సభకే విన్నవించుట ధర్మము గనుక ఈ నాలుగు మాటలు.

మొదట వేదము సంగతి. నాదస్వరము వేదోక్తమని మేమనుట సాహసము. శ్రుతిలో వాద్యముల పేర్లు లేకపోలేదు. తైత్తిరీయ బ్రాహ్మణమున పురుషమేధ ప్రకరణములో వీణ వాయించువాడు, తూణవము ఊదువాడు, శంఖము ఊదువాడు వరుసగా కనబడుదురు. అందు నాదస్వరమును లేదు, నాగస్వరమును లేదు. ఈ రెండింటిలో ఒకదానికి మాత్రమే వైదిక గౌరవము కట్టబెట్టుటకు మాకధికారము లేదు. 'తూణవము' మాట వచ్చినది గనుక ఒక్క సంగతి. దీనిని కొందరు పిల్లనగ్రోవి అని అనువదింతురు. ఊదెడిదియు, కర్రతో చేసినదియు అని మాత్రమే నిశ్చయముగా చెప్పగలము. తెలిసిన పేరొకటి తెచ్చి తెలియని పేరుపై పెట్టుట అనువాదము కాదు, అతుకు.

ఇక తెలుగు వ్యవహారము చూడుడు. చిక్కంతయు ఇక్కడనే ఉన్నది. అరవనాట నాగస్వరమనగా ఆలయములో మ్రోగు పొడవైన కర్రవాద్యమే. మన తెలుగునాట నాగస్వరమనగానే సామాన్యునికి స్ఫురించునది పాములవాని బూర. సొరకాయ బుర్రకు రెండు గొట్టములు తగిలించి, బుగ్గలు పూరించి ఊదెడి ఆ సాధనము వేరు, దేవాలయ వాద్యము వేరు. నాగస్వరమే ప్రజల నోట స్వ అను సంయుక్తాక్షరము తేలికపడి నాగసరమైనది. దేవుని ముందు ఊదు విద్వాంసుని చూచి 'పాములవాని వాద్యము' అని ఎవరైన నవ్వినచో ఆ మాట ములుకువలె గ్రుచ్చుకొనును. 20వ శతాబ్దిలో ఒక్క అక్షరము మారి నాదస్వరమను రూపము తెలుగునాట ప్రబలుటకు ఈ బాధయు ఒక కారణమని మా అభిప్రాయము. తిరుపతిలో దేవస్థానమువారు నడుపు పాఠశాలకు సైతము నాదస్వర, డోలు పాఠశాల అనియే పేరు. ఆ పేరును తప్పుపట్టుట మా ఉద్దేశము కాదు. గౌరవము కోరి మార్చుకొన్న పేరు అది. కాని క్రొత్తపేరు పెట్టుకొన్నంత మాత్రమున పాతపేరు తప్పు కానేరదు.

పాతపేరే ఇప్పటికిని పట్టుకొనియున్నవారు చాలమంది కలరు. ప్రకాశము జిల్లా కరవదిలో 1924లో జన్మించిన షేక్ చినమౌలానా సాహెబుగారు మన తెలుగువారే. శ్రీరంగమున స్థిరపడి, 1998లో మద్రాసు సంగీత అకాడమీవారి సంగీత కళానిధి బిరుదమునంది, 1999లో కీర్తిశేషులైరి. వారు శ్రీరంగమున నెలకొల్పిన సంస్థకు పెట్టిన పేరు శారదా నాగస్వర సంగీత ఆశ్రమము. కుంభకోణము సమీపమున నరసింగంపేటలో తయారగు వాద్యమునకు 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది. అదియును నాగస్వరమను పేరుననే. ఇందరు మహానుభావుల నోట నున్న పేరును మేము ఒక్క ఉపన్యాసముతో పామరమంటిమి!

పాము పేరు గనుక నామోషీ అందురా? శివుని కంఠమున నున్నది ఏమి? శేషశాయి పవ్వళించినది దేనిపైన? మన పల్లెలలో రావిచెట్టు క్రింద నాగులకట్టకు పాలు పోయని ఇల్లు ఎన్ని? కట్టకు ప్రదక్షిణము చేసి వచ్చి, ఆ శబ్దము వాద్యమునకు పనికిరాదనుట వింతగా నున్నది. పాములవాడును పొట్టకూటికి ఊదుకొనువాడే, అతని పేరు తగిలినంతనే మైలపడుటకు వాద్యమేమియు అంత బలహీనమైనది కాదు.

ఇప్పుడు శబ్దార్థ విచారము. నాద శబ్దమునకు శార్ఙ్గదేవుడు 13వ శతాబ్దిలో సంగీత రత్నాకరమున గొప్ప వివరణ ఇచ్చినాడు. నకారము ప్రాణమనియు, దకారము అగ్ని యనియు, ఆ రెంటి సంయోగమున పుట్టినది నాదమనియు ఆయన తాత్పర్యము. చక్కనిదే. అయితే ఆయన అచ్చట చెప్పినది సకల సంగీతమునకు మూలమైన నాదమును గురించి, ఈ ఒక్క వాద్యమును గురించి కాదు. వీణలోనిదియు నాదమే, మృదంగములోనిదియు నాదమే. నాదస్వరమను పేరు అన్ని వాద్యములకును చెల్లును గనుక ఏ ఒక్కదానికిని ప్రత్యేకముగా చెల్లదు.

నాగ శబ్దమునకో, అర్థములు పెక్కు. సర్పము, ఏనుగు రెండును నాగములే. యోగశాస్త్రమున ఉపప్రాణములైదింటిలో మొదటిదానికి నాగమని పేరు, దాని పని త్రేన్పు. ఈ అర్థము తీసికొన్నచో నాగస్వరమనగా త్రేన్పు చప్పుడని అనువదింపవలసి వచ్చును! నిఘంటువు చేతనున్నది గదా యని ప్రతి అర్థమును ప్రతిచోట పెట్టరాదనుటకు ఈ ఒక్క ఉదాహరణము చాలును.

మరియొక మార్గము కలదు. కదలనిది నగము. అమరసింహుడు దానికి కొండ, చెట్టు అని రెండర్థములు చెప్పినాడు. నగమునందు పుట్టినది నాగము. అప్పుడు నాగస్వరమనగా చెట్టునుండి పుట్టిన స్వరము. ఇది వ్యాకరణము ఒప్పుకొను వ్యుత్పత్తియే గాని, ఈ పేరు పెట్టినవారి మనసులో నున్నది ఇదియే యని మేము సాక్ష్యము చెప్పలేము. వ్యుత్పత్తి వేరు, చరిత్ర వేరు. ఆ రెంటిని కలగలిపియే గదా మేము మునుపు దెబ్బతింటిమి.

ఐనను ఈ అర్థము మాకు ప్రియమగుటకు కారణము కలదు. తైత్తిరీయ సంహిత ఆరవ కాండమున దీక్షితునకు దండమిచ్చు ఘట్టములో ఒక కథ వచ్చును. వాగ్దేవి ఒకప్పుడు యజ్ఞమునకు నిలువనొల్లక దేవతలను విడిచి వెడలిపోయి వృక్షములలో ప్రవేశించినదట. దుందుభిలోను, తూణవములోను, వీణలోను పలుకునది ఆ వృక్షములలో దాగిన వాక్కేనట. అందువలననే దీక్షితుని చేతికి మేడికర్ర దండమిచ్చి, పోయిన వాక్కును మరల సంపాదింతురు. బాల్యమున పాఠశాలలో ఈ పనసను వల్లించునప్పుడు మాకు స్వరము తప్పకుండుట మీదనే గాని అర్థము మీద దృష్టి లేదు. డెబ్బదియేండ్లు దాటిన పిమ్మట ఒక మేళగాని ప్రశ్న వలన అది అర్థమైనది.

ఆ చెట్టు ఏదో తెలిసినచో మీరును సంతోషింతురు. నాగస్వరము చేయు కర్రను అరవమున ఆచ్చా అందురు. మన తెలుగులో నారయేపి, కన్నడమున కమర. వర్షపాతము సాలుకు సుమారు 550 మిల్లీమీటర్లకు మించని మన అనంతపురము మెట్ట అడవులలో బండరాళ్ల నడుమ నిలిచి బ్రతుకు చెట్టు అది. ఆకు జంటగా చీలి రెండు రెక్కలవలె నుండును. కరవు కాలమున గొర్రెలకు మేకలకు ఆ ఆకే మేత, బెరడునుండి తీసిన నారయే త్రాడు. మన దేశపు కలపలలో మిక్కిలి బరువైన వాటిలో ఇదియొకటి. పచ్చికర్ర వాద్యమునకు పనికిరాదు. పాత ఇండ్ల దూలములనుండియు స్తంభములనుండియు తీసిన, ఏండ్ల తరబడి ఆరిన కర్రనే చేవగలదని ఏరుకొని తొలుతురు. పైనుండి ఏడు రంధ్రములు వ్రేళ్లకు, క్రింద నున్న ఐదు శ్రుతి సరిచేయుటకు. ఆ ఐదింటిని మైనముతో కొంత మూసి, కొంత తెరచి సరిచూతురు. చివరన గరాటువంటి అణసు, నోటికడ రెల్లుజాతి మోసుతో చేసిన పీక.

ఈ సంగతులన్నియు కూర్చుకొని మొన్నటి ఉత్సవమునకు వచ్చినప్పుడు మేము స్వయముగా ఆ విద్వాంసుని ఇంటికి పోయితిమి. తాతగారు పలికిన పేరు తప్పు కాదనియు, తప్పు మాదనియు చెప్పితిమి. నారయేపి మాట రాగానే ఆయన లోనికి పోయి, మసిబారిన వాద్యమొకటి తెచ్చి మా చేతిలో పెట్టినాడు. దాని బరువు చూచి ఆశ్చర్యపడితిమి. "ఇది మా తాత ఊదిందే సామీ. పీక మార్చినాం, అణసు మార్చినాం, కట్టె మాత్రం అదే" అన్నాడు.

ఆహ్వాన పత్రిక అచ్చుకు పోవలసియున్నది. మనుమని పేరు ముందర నాగస్వర విద్వాన్ అని వేయింతుమా, నాదస్వర విద్వాన్ అని వేయింతుమా యని అడిగితిమి. ఆయన కొంచెముసేపు ఆలోచించి, "సన్నాయి అని వేయండి సామీ, ఊర్లో అందరికీ తెలుస్తుంది" అన్నాడు. సన్నాయి పారసీక దేశమునుండి వచ్చిన మాటయని చెప్పబోయి మేము నోరు మూసికొంటిమి. పత్రికలో అట్లే అచ్చైనది.