గాజుతీగలో వెలుగునకు చేయూత

ఊరి నడుమ కొట్టిన దండోరా పొలిమేర దాటినచో వినబడదు. ఆవలివారికి తెలియవలెనన్న నడుమ మరియొకడు అందుకొని మరల కొట్టవలసినదే. తంతి వార్తకైనను, టెలిఫోను మాటకైనను, నేటి గాజుతీగలలో పరుగెత్తు వెలుగునకైనను ఈ నియమము తప్పలేదు. ఆ నడిమివాని పని కాలక్రమమున ఎట్లు మారినదో నేడు మీకు విన్నవింపదలచితిని.

1858 లో ఐర్లండు నుండి న్యూఫౌండ్లాండు వరకు అట్లాంటిక్ సముద్రము అడుగున మొదటి తంతితీగను వేసిరి. విక్టోరియా రాణి అమెరికా అధ్యక్షునకు పంపిన 98 మాటల సందేశము చేరుటకు సుమారు 16 గంటలు పట్టెను. వార్త మిక్కిలి నీరసముగా వచ్చుచుండుటచే వైట్‌హౌస్ అను ఉద్యోగి ఒడ్డునుండి అధికమైన విద్యుద్బలమును ప్రయోగించెను. మూడు వారములు దాటునప్పటికి తీగ మూగవోయెను. ఒడ్డున నిలిచి ఎంత కేకవేసినను లాభము లేదు; దారిలో చేయూత కావలెను. అట్లాంటిక్ గర్భమున అట్టి చేయూత నమర్చుట 1956 నాటికి గాని సాధ్యము కాలేదు. ఆ యేట వేసిన టెలిఫోను కేబులులో, పాత రేడియో పెట్టెలలో మీరు చూచిన వాల్వుల వంటివానితో పనిచేయు సాధనములు ఒక్కొక్క వరుసకు 51 ఉండెను. ఇంత చేసినను మొదట ఏకకాలమున సాగినవి 36 సంభాషణలే.

పిమ్మట గాజు వంతు వచ్చినది. 1966 లో ఇంగ్లండున పనిచేయుచుండిన చార్లెస్ కావో, జార్జి హాక్‌హాము అనువారు, గాజులో ఒక కిలోమీటరు నడచిన వెలుగు నూరవవంతైనను మిగిలినచో దానితో వార్తలు పంపవచ్చునని లెక్కగట్టిరి. నాటి గాజు అందులకు ఆమడ దూరమున ఉండెను. 1970 లో అమెరికాలోని కార్నింగు కంపెనీవారు అట్టి గాజుతీగను తీసిరి. 1979 నాటికి జపానువారి గాజులో ఆ నూరవవంతు 100 కిలోమీటర్ల పిదప గూడ మిగులుచుండెను!

1988 లో అట్లాంటిక్ అడుగున వెలుగు కేబులు పడినది. 40,000 సంభాషణలకు అందు చోటు గలదు. అయినను నడిమివాని తీరు మాత్రము తాళపత్రములకు ప్రతులు వ్రాయు లేఖకునిదే. వచ్చిన వెలుగును విద్యుత్తుగా మార్చి, చదివి, తప్పులు దిద్ది, వేరొక లేసరుతో మరల వెలుగుగా వ్రాసి పంపవలెను. ఆ లేఖకునకు తెలిసినది ఒకటే వేగము. ఒడ్డున ఎంత వేగముగల యంత్రములు వచ్చినను, సముద్రపు లోతున మూసిపెట్టిన అతనికి క్రొత్త చదువు నేర్పుట యెట్లు? ఒకే గాజుతీగలో పలు రంగుల వెలుగులు పంపదలచినచో, రంగునకొక లేఖకుడు కావలెను. అసలు చిక్కు ఇక్కడనే యున్నది.

రాత్రి ఉత్సవములో దివిటీలో నూనె పోయువానిని తలచుకొనుడు. ఊరేగింపు నిలువదు; ఎవరి పల్లకియో అతడడుగడు; మంట మాత్రము మరల లేచును. వెలుగునకు అట్టి చేయూతను 1987 లో ఇంగ్లండున సౌతాంప్టను విశ్వవిద్యాలయమున డేవిడ్ పేను బృందమువారును, అమెరికాలో బెల్ ప్రయోగశాలయందు ఎమాన్యుయెల్ దెసర్విర్ మున్నగువారును సాధించి చూపిరి. 1964 లోనే కోస్టరు, స్నిట్జరు అనువారు వేరొక ధాతువు కలిపిన గాజుతీగలో వెలుగును పెంచియుండిరి గాని, అప్పటికి వార్త మోయదగిన గాజే లేదు.

ఇందలి నూనె ఎర్బియము. స్వీడను దేశమున ఇట్టర్బీ అను చిన్న పల్లె గలదు. అచటి గనిరాయి కారణమున నాలుగు మూలధాతువులకు ఆ పల్లె పేరే వచ్చినది, అందిది యొకటి. కొన్ని మీటర్ల గాజుతీగలో దీనిని లేశమాత్రము కలిపి, ప్రక్కనుండి చిన్న లేసరు వెలుగును ప్రవేశపెట్టుదురు. దానిని మ్రింగిన ఎర్బియపు పరమాణువులు సెకండులో నూరవవంతు కాలము ఆ శక్తిని పట్టియుంచును. అంతలో వార్త మోయు బలహీనపు వెలుగు వచ్చి తాకగానే, అదే రంగు వెలుగును అదే దిక్కునకు విడుచును. ఇట్లు జరుగునని ఐన్‌స్టీను 1917 లోనే చెప్పెను. గాజు మిక్కిలి స్వచ్ఛముగ నుండు వెలుగు, కంటికి కానరాని 1550 నానోమీటర్ల ప్రాంతమున గలదు. ఎర్బియము విడుచునదియు అక్కడిదే. ఇంతటి పొందిక శాస్త్రజ్ఞులకు తరచుగా లభించునది కాదు.

ఈ చేయూతతో పనిచేయు అట్లాంటిక్ కేబులు 1996 లో పూర్తియయ్యెను. లేసరులకు వలయు విద్యుత్తును నేటికిని కేబులులోని రాగి ద్వారా ఒడ్డునుండియే పంపుదురు. పలు రంగులను ఒక్క సాధనమే ఒక్కసారి పెంచుటచే ఒక గాజుతీగ పెక్కు తీగల పని చేయజొచ్చినది. లోపము లేకపోలేదు. లేఖకుడు తప్పులు దిద్దెడివాడు. నూనె పోయువాడు పొగను గూడ పెంచును. దారిలో చేరిన రొద వార్తతోపాటు పెరుగుచునే పోవును గనుక, వెలుగు మరీ సన్నగిల్లకమునుపే చేయూత నీయవలెను. అయినను నా మట్టుకు, కావోగారి గాజు తరువాత దీనికే పెద్దపీట వేయుదును.

ఎర్బియము లేకయే ఉత్త గాజును సహాయపడజేయు మార్గము మరియొకటి గలదు. 1928 లో కలకత్తాలో చంద్రశేఖర వేంకట రామనుగారు కనుగొన్న వెలుగు గుణమే దానికి ఆధారము. బలమైన లేసరు వెలుగు గాజులో పోవుచు తన శక్తిలో కొంత ప్రక్కనున్న బలహీనపు వెలుగునకు ఇచ్చివేయును. 1970 తరువాత అమెరికాలో దీనిని గాజుతీగలో నిరూపించిరి. నేడు దూరపు మార్గములయందు ఎర్బియమునకు తోడుగా వాడుచున్నారు. రామనుగారి బాల్యవిద్య విశాఖపట్టణమున జరిగినది. వారి తండ్రిగారు అచట ఏ.వి.ఎన్. కళాశాలలో ఉపన్యాసకులుగా నుండిరి.