మూసేసిన గవాక్షం



సైదాబాదులో, ఐ.ఎస్.సదన్ చౌరస్తాకు దగ్గరలో మేమొక పాత ఫ్లాటు కొనుక్కున్నాం. రెండు గదులు, ఒక వంటిల్లు. కొన్న సంతోషం మూడు నెలలు కూడా నిలవలేదు. పోపు వేస్తే చాలు, ఆ ఘాటు వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి తిన్నగా మా అత్తయ్యగారి మంచం దగ్గరికి. ఆవిడకు ఉబ్బసం. అర్ధరాత్రి లేచి కూర్చుని ఆయాసపడుతుంటే పక్కగదిలో నాకు నిద్ర పట్టేది కాదు. స్నానాలగది గోడలు నల్లగా బూజు పట్టాయి. సరే, బాగుచేయిద్దామని మేస్త్రీని పిలిచాం. ఆయన పడగ్గది గోడను పైనుంచి కిందిదాకా తట్టి చూసి, "అమ్మా, ఈడ వెంటిలేటర్ ఉండె. ముంగటోళ్ళు మూసిన్రు" అన్నాడు. ఎందుకు మూశారో తెలుసునా? ఏసీ చల్లదనం బయటికి పోతుందని!

ఆ కన్నం మూయడానికి ఒక పూట పట్టి ఉంటుంది. మన ఊళ్ళో ఇళ్ళకు కన్నాలు పెట్టించడానికి ఎంతకాలం పట్టిందో చెబుతాను, వినండి.

పాతకాలపు ఇళ్ళకు గాలి కొరత తెలియదు. కోస్తాలో మండువా లోగిలి, పాతబస్తీలో మధ్యన ఆంగన్ ఉన్న ఇల్లు, రెండూ ఒకే సూత్రం మీద నడిచేవి. వేడెక్కిన గాలి తేలికై పైకి పోతుంది. దాని జాగాలోకి చల్లటిగాలి వస్తుంది. అందుకే గోడకు నెత్తిన రోషన్‌దాన్ పెట్టేవారు. ఆ మాటలో ఉన్నది వెలుగు. మనవాళ్ళు దాన్నే గవాక్షమన్నారు, అంటే ఆవు కన్ను. పేరులో గాలి ఊసు లేకపోయినా పని మాత్రం గాలిదే. ఇంకో హైదరాబాదు ఉంది చూశారూ, సింధులో, అక్కడైతే ఇళ్ళ కప్పులమీద గాలిని పట్టి లోపలికి దింపే గూళ్ళు వరసగా కట్టుకునేవారు. అన్నీ నైరుతి గాలికే నోళ్ళు తెరుచుకుని ఉండేవి. మనకూ వానాకాలంలో గాలి వచ్చేది ఆ దిక్కునుంచే.

కానీ దేవిడీల సంగతి వేరు, బీదవాళ్ళ గుడిసెల సంగతి వేరు. ఇరుకు సందుల్లో, కిటికీ అన్నది లేని ఒంటిగదిలో, పొయ్యి, పడక, పురుడు అన్నీ అక్కడే. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. వరద తీసిన మూడేళ్ళకు ప్లేగు వచ్చింది. అప్పటికి గాని సర్కారుకు ఇరుకు ఇళ్ళ మీద దృష్టి పడలేదు. వరద తర్వాత విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. ఆయన సలహాతో కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ పేర్లు అందరికీ తెలుసు. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి పేరు మాత్రం చాలామందికి తెలియదు. సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు అనేవారు. పత్తర్‌గట్టీ రాతి దుకాణాల వరస దాని పనే. నాకు మాత్రం ఆ రాతి కమానులకన్నా అది కట్టించిన చిన్న ఇళ్ళే గొప్పగా తోస్తాయి. ఇరుకు బస్తీలు తీయించి, అద్దె కట్టుకోగల శక్తిని బట్టి తరగతులుగా, విడిగా వంటిల్లూ కాస్త ఖాళీ జాగా ఉండేటట్టు కట్టించారు. బీద ఇంటి ఇల్లాలికి కూడా గాలి కావాలని ఒక ప్రభుత్వం ఒప్పుకోవడం చిన్న విషయమా?

ఇక్కడొక తమాషా ఉంది. ఆ రోజుల్లో చాలామంది రోగాలన్నీ చెడుగాలి వల్లే వస్తాయనుకునేవారు. మలేరియా అనే మాటకు అసలు అర్థమే చెడుగాలి. ఆ నమ్మకానికి దెబ్బ తగిలింది మన ఊళ్ళోనే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. ప్లేగు కూడా ఎక్కువగా ఎలుకల ఒంటిమీది పురుగులు కుట్టడం వల్ల వచ్చేదే గాని చెడుగాలి వల్ల కాదు. మరైతే గాలిని పట్టించుకోనక్కర్లేదా అంటే, అక్కడే పొరపడతాం. క్షయ గాలిలోనే పాకుతుంది. 2020లో వచ్చిన కరోనా మళ్ళీ అదే పాఠం చెప్పింది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇళ్ళలో, ఆఫీసుల్లో గాలి ఎలా ఆడాలో పనిగట్టుకుని ఒక మార్గదర్శిని వేయవలసి వచ్చింది. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లో రాసిన నర్సింగు పుస్తకంలో మొదటి అధ్యాయమే గాలి గురించి. రోగకారణాల సంగతిలో ఆవిడ పొరపడి ఉండవచ్చు, కిటికీ సంగతిలో పొరపడలేదు.

ఇక మా ఫ్లాటు. తలా ఒక సలహా చెప్పారు. కెనడాలో ఉన్న మా చెల్లెలి కూతురు, "పెద్దమ్మా, గాలి మార్చే యంత్రం పెట్టించుకో" అంది. పోయే గాలిలోని వెచ్చదనాన్ని వచ్చే గాలికి అందించే యంత్రమట. 1977లో ఆ దేశంలో రెజైనా అనే ఊళ్ళో కట్టిన ఒక ప్రయోగపు ఇంట్లో అలాంటిది పెట్టారు. కిటికీ తీస్తే గడ్డకట్టే చోట అది అవసరమే. మనకు ఏడాదిలో ఎక్కువ రోజులు కిటికీ తీసుకోవచ్చు. అంత ఖర్చెందుకు? దుకాణదారు గొట్టంలేని చిమ్నీ చూపించాడు. అది జిడ్డు పడుతుంది, వాసన కొంత తగ్గిస్తుంది, ఆవిరినీ వేడినీ మళ్ళీ మన ముఖానే కొడుతుంది. వద్దన్నాను. స్ప్లిట్ ఏసీ ఉందిగా అన్నారు మావారు. అది గదిలోని గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుందే గాని బయటి గాలి చుక్కయినా తేదు. తలుపులు బిగించుకుని నలుగురం పడుకుంటే బొగ్గుపులుసు వాయువు పెరిగి పొద్దున్నే తల దిమ్ముగా ఉంటుంది.

ఆఖరికి తేలింది ఇదీ. వంటింట్లో పొయ్యి ఉన్న గోడకే, పైన, తొమ్మిదంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాను. స్నానాలగదికి ఆరంగుళాలది. ఫ్యాను గాలిని బయటికి లాగాలంటే లోపలికి గాలి రావడానికి దారి ఉండాలి కదా, దాన్ని చాలామంది మరచిపోతారు. అందుకని స్నానాలగది తలుపు అడుగున ఒక అంగుళం కోయించాం. పోపు వేసేటప్పుడు దూరంగా ఉన్న పడమటి కిటికీ తెరుస్తాం, దగ్గరది తెరిస్తే గాలి అక్కడక్కడే తిరిగి వెళ్ళిపోతుంది. అన్నిటికన్నా ముందు స్నానాలగదిలో ఉన్న గ్యాసు గీజరు తీయించాం. మూసిన గదిలో అది సరిగా మండకపోతే పుట్టే విషవాయువుకు రంగు లేదు, వాసన లేదు, ప్రాణమే తీస్తుంది. ఈ ఒక్కటీ మీ ఇంట్లో ఇవాళే చూసుకోండమ్మా.

చిక్కు ఒకటి మిగిలింది. స్నానాలగది ఫ్యాను వదిలేది డక్టులోకి. పైవాళ్ళదీ అందులోకే. వాళ్ళ సిగరెట్టు వాసన మాకు, మా సాంబ్రాణి పొగ వాళ్ళకు. ఫ్యాను ఆగగానే వాటంతట అవే మూసుకునే రెక్కలు పెట్టించాక కొంత నయం. డక్టు పైన ఎవరో కప్పిన రేకు తీయించమని అసోసియేషన్‌లో అడుగుతూనే ఉన్నాను.

పడగ్గది గోడ తవ్వితే, సిమెంటు వెనక పాత టేకు చట్రం చెక్కుచెదరకుండా ఉంది. తాడు లాగితే తిరిగే రకం. దోమలకు జాలీ కొట్టించి, మళ్ళీ తెరిచాం. జాలీ వల్ల గాలి కొంత తగ్గుతుంది, అయినా తప్పదు, దోమల సంగతి రాస్ ఈ ఊళ్ళోనే తేల్చి చెప్పాడాయె. అత్తయ్యగారు మంచం ఆ గోడ పక్కకే వేయించుకున్నారు. తాడు పొద్దున ఆవిడే లాగుతారు, ఇంకెవరినీ ముట్టుకోనివ్వరు.