పిడికెడు బియ్యం: కృష్ణా డెల్టా క్రైస్తవుల్లో దైవపోషణ విశ్వాసం

కృష్ణా డెల్టా క్రైస్తవ సంఘాల చరిత్రలో దైవపోషణ ప్రస్తావన రాగానే మిషన్ల సాయమే ముందుకొస్తుంది: బళ్లు, ఆసుపత్రులు, కరువు పనులు, తుఫాను ఇళ్లు. చల్లపల్లి ప్రాంతపు విశ్వాసాన్ని అర్థం చేసుకోవడానికి ఈ లెక్క చాలదు. దేవుడు పోషిస్తాడన్న నమ్మకం ఇక్కడి పల్లెల్లో పుచ్చుకోవడం వల్ల కంటే ఇవ్వడం వల్లే బలపడిందని నా వాదన.

చల్లపల్లి ఒకప్పుడు దేవరకోట జమీందారీకి కేంద్రంగా ఉండేది. డెల్టాలో క్రైస్తవంలోకి వచ్చినవారిలో ఎక్కువమంది సొంత సెంటు భూమి లేని మాల, మాదిగ కూలీలు. వీళ్లు కూటికోసం మతం మారారన్న నింద పాతది. దానికి జవాబు డెల్టా బయట, ఒంగోలులో కనిపిస్తుంది. అక్కడ మిషనరీ జాన్ క్లౌ 1876–78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని కల్పించారు. కానీ సాయం పంచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారు. సాయం ఆగాక 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. పంచే సాయం అయిపోయాక కూడా వాళ్లు వచ్చారు. ఆ నిందకు ఇంతకన్నా గట్టి జవాబు నాకు కనబడలేదు.

1912లో దోర్నకల్ బిషప్పయిన వి.ఎస్. అజరయ్య ఈ పేదల నుంచే కానుక అడిగారు. తరువాత కృష్ణా జిల్లాలోని చర్చి మిషనరీ సొసైటీ (సి.ఎం.ఎస్.) సంఘాలు కూడా ఆ డయాసిస్‌లో కలిశాయి. ఆ కానుక ఇచ్చే తీరు ఇది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది. అలా పోగైన బియ్యం ఆదివారం గుడికి చేరుతుంది. కోతల పండుగనాడు వడ్లు, కోడిపెట్ట, గుడ్లు, గుమ్మడికాయ కానుకగా వస్తాయి, వాటిని అక్కడే వేలం వేస్తారు. రేపటి కూలి దొరుకుతుందో లేదో తెలియని ఇంట్లో ఆ పిడికెడు తీయాలంటే రేపటిని దేవుడికి అప్పజెప్పాలి. ప్రసంగం వినడం కన్నా ఇది కష్టం. అది రోజూ జరిగింది.

1977 నవంబరు 19, శనివారం. ఉప్పెన దివిసీమను ముంచెత్తింది. అధికారిక లెక్కల్లోనే సుమారు పదివేలమంది చనిపోయారు. తెల్లవారితే ఆదివారం. పంట చేతికొచ్చే కాలం, అంటే కానుకల కాలం కూడా. చల్లపల్లి దాటి పులిగడ్డ అవతల, ఆ దివిసీమలో, ఇల్లూ, గొడ్డూ, గింజా పోయినవాళ్లను దేవుడు ఏ విధంగా పోషించినట్టు? సహాయ సంస్థలు వచ్చాయి, ఊళ్లు కట్టాయి. బతికినవాళ్ల సంగతి అది. పోయిన బిడ్డ విషయంలో పోషణ అనే మాట నిలవదు, నిలుస్తుందని చెప్పే బోధను నేను ఒప్పుకోను. యోబు గ్రంథం కూడా అతని స్నేహితుల అలాంటి వివరణలను తోసిపుచ్చింది.

తుఫాను సాయం కథ పక్కనే ఈ విశ్వాసానికి మరో పరీక్ష ప్రభుత్వ కాగితాల మీద సాగుతోంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దాన్ని విస్తరించారు, క్రైస్తవులకు కాదు. ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు కులాల నుంచి క్రైస్తవులైనవారికి వెనుకబడిన తరగతుల్లోని బి.సి.-సి విభాగం కింద ఒక్క శాతం రిజర్వేషను ఉంది. బడిలో, ఉద్యోగంలో పిల్లల భవిష్యత్తు ఒక సర్టిఫికెట్టు మీద ఆధారపడినప్పుడు, తల్లిదండ్రులు తమ విశ్వాసాన్ని బాహాటంగా చెప్పుకోవడం వల్ల ఏం పోగొట్టుకుంటున్నారో లెక్కగట్టాలి. దైవపోషణ మీద డెల్టాలో జరిగే పరిశోధన ఈ లెక్కను ఇంకా వాయిదా వేయకూడదు.